వర్డ్‌ప్రెస్‌లో కుకీలు: స్క్రిప్టు రాసేవారి వైపు నుంచి ఒక సమీక్ష

వెబ్‌సైట్లు నడిపే వ్యవస్థ అయిన వర్డ్‌ప్రెస్‌ను సమీక్షించేవారు ఎక్కువగా థీముల అందాన్ని, పేజీల వేగాన్ని, ప్లగిన్ల (సైటుకు అదనపు పనులు చేర్చే ప్రోగ్రాముల) ధరలను తూకం వేస్తారు. ఈ సమీక్ష వాటి జోలికి పోదు. మనం సొంతంగా రాసుకున్న, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ స్క్రిప్టుకు గానీ, బ్రౌజర్ పేజీలో నడిచే జావాస్క్రిప్టుకు గానీ ఒక కుకీని (బ్రౌజర్ దాచుకుని సర్వర్‌కు తిరిగి పంపే చిన్న సమాచారాన్ని) రాయవలసిన, తిరిగి చదవవలసిన అవసరం వచ్చినప్పుడు ఈ వ్యవస్థ ఎంతవరకు కలిసివస్తుంది, ఎక్కడ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగినప్పుడు కారణాన్ని పట్టుకోవడం ఎంత సులువు అన్నదే ఇక్కడి విషయం. కొన్నేళ్ళుగా మా ఊరి గ్రంథాలయ సంఘం సైటును నేనే చూసుకుంటున్నాను. సభ్యుల లాగిన్, వ్యాసాలు, పుస్తకాల జాబితా వర్డ్‌ప్రెస్‌లో ఉన్నాయి. పుస్తకాన్ని రిజర్వు చేసుకునే పేజీ మాత్రం అంతకు ముందునుంచీ నడుస్తున్న పాత పీహెచ్‌పీ స్క్రిప్టు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి పట్టిన వారాల్లో తెలిసివచ్చిన సంగతులే ఈ అభిప్రాయానికి ఆధారం.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. 2003లో మొదలైన ఈ వ్యవస్థ లాగిన్ కోసం పీహెచ్‌పీ సెషన్ల (సభ్యుడి వివరాలను సర్వర్‌లో దాచుకునే ఏర్పాటు) మీద ఆధారపడదు. సభ్యుడి పేరు, గడువు ముగిసే సమయం, ఆ ఒక్క లాగిన్‌ను గుర్తించే సెషన్ టోకెన్, ఈ మూడింటికీ రహస్య తాళాలతో వేసిన ముద్ర వంటి హ్యాష్ అన్నీ ఒకే కుకీలో కూర్చుంటాయి. టోకెన్ 2014లో వచ్చిన 4.0 వెర్షన్‌తో చేరింది. దాని వల్ల ఎక్కడో ఇంటర్నెట్ సెంటర్‌లో లాగ్ అవుట్ చేయడం మరచిపోయిన సభ్యుడు ఇంటికి వచ్చి మిగిలిన చోట్లన్నిటి నుంచీ బయటపడగలుగుతాడు. ‘నన్ను గుర్తుంచుకో’ అన్న పెట్టెలో టిక్కు పెడితే 14 రోజులు, పెట్టకపోతే 2 రోజులు ఆ గుర్తింపు చెల్లుతుంది. పేరు మార్చి ఇంకొకరిగా చొరబడదామని కుకీని దిద్దితే ముద్ర తప్పుతుంది, లోపలికి రానివ్వదు. పైగా ఈ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ అన్న గుర్తు ఉంటుంది కాబట్టి పేజీలోని జావాస్క్రిప్టుకు అది కనబడనే కనబడదు.

తొలి తికమక సరిగ్గా ఇక్కడే పుడుతుంది. బ్రౌజర్ కన్సోల్‌లో డాక్యుమెంట్ డాట్ కుకీ అని కొట్టి చూసి, లాగిన్ కుకీ లేదని, సైటు పాడయిందని కంగారుపడినవారిని నేను కనీసం ముగ్గురిని చూశాను. వారిలో మొదటివాణ్ణి నేనే. క్రోమ్‌లో అప్లికేషన్ ట్యాబ్‌కు, ఫైర్‌ఫాక్స్‌లో స్టోరేజ్ ట్యాబ్‌కు వెళ్ళి చూస్తే కుకీ భద్రంగా కనిపిస్తుంది. సభ్యుడు లాగిన్ అయ్యాడో లేదో జావాస్క్రిప్టుకు తెలియాలంటే ఆ సంగతిని పీహెచ్‌పీయే పేజీలో రాసి ఇవ్వాలి. ఇది లోపం కాదు, రక్షణ. పేజీలోకి ఎవరైనా చెడ్డ స్క్రిప్టును చొప్పించినా అది లాగిన్ కుకీని ఎత్తుకుపోలేదు.

మా అసలు కష్టం దారి (కుకీ ఏ ఫోల్డరు పేజీలకు వెళ్ళాలో చెప్పే హద్దు) దగ్గర వచ్చింది. వర్డ్‌ప్రెస్‌ను డొమైన్ మూలంలో కాకుండా ఒక ఉపఫోల్డరులో పెట్టాం. రిజర్వేషన్ స్క్రిప్టు మూలంలో ఉంది. లాగిన్ అయిన సభ్యుడు వ్యాసాలన్నీ చదవగలడు గానీ రిజర్వేషన్ పేజీకి రాగానే ఆ స్క్రిప్టు అతణ్ణి పరాయివాడిలా చూసేది. కుకీ ఉంది, గడువు తీరలేదు, డొమైన్ అదే. అయినా స్క్రిప్టుకు అందదు. కారణం ఏమిటంటే, లాగిన్ అయినట్టు తెలిపే కుకీకి వర్డ్‌ప్రెస్ సైటు చిరునామాలోని దారినే హద్దుగా పెడుతుంది. ఆ ఫోల్డరు లోపలి పేజీలకు మాత్రమే బ్రౌజర్ దాన్ని పంపుతుంది. నిర్వాహకుల పనికి వాడే ఇంకో కుకీ హద్దు మరీ ఇరుకు: అది అడ్మిన్ ఫోల్డరుకు, ప్లగిన్ల ఫోల్డరుకు తప్ప మరెక్కడికీ పోదు. కాన్ఫిగ్ ఫైలులో కుకీపాత్ అనే స్థిరాంకాన్ని ఒక్క ముందువాలు గీతగా (/) నిర్వచిస్తే హద్దు డొమైన్ అంతటికీ విస్తరిస్తుంది. సబ్‌డొమైన్ల మధ్య పంచుకోవలసి వస్తే కుకీ డొమైన్ అన్న స్థిరాంకం కూడా ఉంది. ఒక్క వరుసతో తీరే పని. ఆ వరుస ఎక్కడ రాయాలో తెలుసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఆ వరుస రాసిన తరువాత కూడా కొందరు సభ్యులకు లాగ్ అవుట్ సరిగా జరగలేదు. ఇది మరింత సూక్ష్మమైన చిక్కు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. పేరు ఒక్కటే అయినా దారులు వేరైతే బ్రౌజర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు కుకీలు. మార్పుకు ముందు లాగిన్ అయిన సభ్యుడి దగ్గర పాత దారితో ఒకటి, మార్పు తరువాత కొత్త దారితో ఇంకొకటి చేరాయి. ఉపఫోల్డరులోని పేజీకి వెళ్ళినప్పుడు బ్రౌజర్ రెండింటినీ పంపుతుంది, పొడవైన దారి ఉన్నదాన్ని ముందు పెట్టి మరీ పంపుతుంది. పీహెచ్‌పీ మొదట వచ్చినదాన్నే ఉంచుకుని రెండోదాన్ని వదిలేస్తుంది. లాగ్ అవుట్ నొక్కితే వర్డ్‌ప్రెస్ తనకు ఇప్పుడు తెలిసిన దారుల్లోని కుకీలనే చెరిపేస్తుంది, ఆ లెక్కలో లేని దారిది ఉంటే అలాగే నిలిచిపోతుంది. హద్దు మార్చిన రోజునే కాన్ఫిగ్ ఫైలులోని రహస్య తాళాలను కూడా మార్చి ఉంటే పాత కుకీలన్నీ చెల్లకుండా పోయి, సభ్యులందరూ మళ్ళీ లాగిన్ కావలసివచ్చేది. అలా చేయకపోవడం నా పొరపాటు.

పేరు దగ్గర కూడా ఒక మెలిక ఉంది. లాగిన్ కుకీ పేరు చివర కనిపించే పొడవాటి సంకేతం సైటు చిరునామా నుంచి ఎండీ5 అనే పద్ధతితో లెక్కగట్టిన హ్యాష్. ఒకే డొమైన్‌లో రెండు వర్డ్‌ప్రెస్ సైట్లు ఉన్నా వాటి కుకీలు కలగలిసిపోకుండా ఇది కాపాడుతుంది, మంచి ఏర్పాటే. కానీ ఆ పేరును బ్రౌజర్ నుంచి చూసి తన స్క్రిప్టులో యథాతథంగా దించుకున్నవారికి, సైటును హెచ్‌టీటీపీఎస్‌కు మార్చిన రోజున చిరునామాతో పాటు హ్యాష్ కూడా మారి, స్క్రిప్టు మౌనంగా పనిచేయడం మానేస్తుంది. అసలు లాగిన్ కుకీని బయటి స్క్రిప్టు నేరుగా చదవాలనుకోవడమే తప్పుడు దారి. వర్డ్‌ప్రెస్ లోడ్ ఫైలును స్క్రిప్టు మొదట్లో కలుపుకుని, సభ్యుడు లాగిన్ అయ్యాడా అని దాని ఫంక్షన్‌నే అడగడం సరైన పద్ధతి. అలా కలుపుకుంటే ప్లగిన్లన్నీ కూడా లోడవుతాయి, పేజీ కొంత బరువెక్కుతుంది. బరువు తగ్గిద్దామని షార్ట్‌ఇనిట్ పద్ధతిలో సగమే లోడ్ చేస్తే లాగిన్ ఫంక్షన్లు అందుబాటులోకి రావు. ఈ బేరంలో నేను బరువుకే ఒప్పుకున్నాను.

ఒప్పుకున్న మర్నాడే మరో వింత ఎదురైంది, ఈ సమీక్షలో వర్డ్‌ప్రెస్‌కు నేను ఎక్కువ మార్కులు తగ్గించేది దీనికే. రిజర్వేషన్ స్క్రిప్టు సభ్యుడు ఎంచుకున్న పుస్తకాల సంఖ్యలను జేసన్ (సమాచారాన్ని ఉద్ధరణ చిహ్నాలు, బ్రాకెట్లతో రాసే పద్ధతి) రూపంలో ఒక కుకీలో పెట్టుకునేది. ఏళ్ళ తరబడి నిక్షేపంగా నడిచిన ఆ కుకీ, వర్డ్‌ప్రెస్‌ను కలుపుకున్న క్షణం నుంచి విప్పుడు పడలేదు. జేసన్ డీకోడ్ ఫంక్షన్ శూన్యాన్ని తిరిగి ఇచ్చేది. బ్రౌజర్‌లో చూస్తే విలువ సరిగానే ఉంది. స్క్రిప్టులో అచ్చువేసి చూస్తే ప్రతి ఉద్ధరణ చిహ్నానికీ ముందు ఒక వెనక్కి వాలిన గీత వచ్చి చేరింది. పీహెచ్‌పీలో ఒకప్పుడు మ్యాజిక్ కోట్స్ అనే అలవాటు ఉండేది. బయటినుంచి వచ్చే ప్రతి విలువకూ ఇలా గీతలు తగిలించేది. దాని వల్ల మేలు కంటే గందరగోళమే ఎక్కువని తేలి 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4లో దాన్ని తీసేశారు. భాష వదిలేసిన ఆ అలవాటును వర్డ్‌ప్రెస్ వదల్లేదు. కుకీలతో సహా వచ్చిన విలువలన్నిటికీ తానే గీతలు తగిలిస్తుంది, సర్వర్‌లో ఏ పీహెచ్‌పీ ఉన్నా సరే.

ఎందుకంటే, గీతలు ఉంటాయనే నమ్మకంతో రాసిన పాత ప్లగిన్లు, థీములు లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక్కసారిగా తీసేస్తే వాటిలో భద్రతకే ముప్పు రావచ్చు. ఆ వాదన నాకు అర్థమవుతుంది. 3.6 వెర్షన్‌లో గీతలు తీసే అన్‌స్లాష్ ఫంక్షన్‌ను కూడా ఇచ్చారు, కుకీని చదివిన ప్రతి చోటా దాన్ని ముందు పెడితే సమస్య తీరిపోతుంది. కానీ కొత్తగా వచ్చినవారికి ఈ ఇంటి ఆచారం ఎవరు చెప్పాలి? హెచ్చరిక రాదు, లోపం అని రాదు, లాగులో ఒక్క వరుస పడదు. తెలుగు, అంకెలు, సాదా ఇంగ్లీషు మాత్రమే ఉన్న కుకీలు బాగానే పనిచేస్తాయి, ఉద్ధరణ చిహ్నమో వెనక్కి వాలిన గీతో ఉన్నవే విరుగుతాయి; అందుకే కారణం పట్టుకోవడానికి ఇంత ఆలస్యం అవుతుంది. దీనితోపాటు తెలుసుకోవలసిన ఇంకో సంగతి, రిక్వెస్ట్ అనే ఉమ్మడి అర్రేను వర్డ్‌ప్రెస్ తిరగరాసి గెట్, పోస్ట్ విలువలను (చిరునామాలో, ఫారంలో వచ్చేవాటిని) మాత్రమే అందులో ఉంచుతుంది. కుకీని అక్కడ వెతికే పాత స్క్రిప్టుకు అది దొరకదు.

ఇతర వ్యవస్థల్లో ఈ బెడద ఎలా ఉంటుందని చూశాను. ద్రుపాల్ 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి సిమ్‌ఫొనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ భాగాలను వాడుతుంది కాబట్టి అందులో కుకీని రిక్వెస్ట్ ఆబ్జెక్టును అడిగి తీసుకుంటాం, గీతల గొడవ లేదు. జూమ్లా కూడా ఇన్‌పుట్ ఆబ్జెక్టునే ఇస్తుంది, అయితే ఏ వడపోత కావాలో మనం చెప్పకపోతే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మరో రెండు మూడు గుర్తులు తప్ప తక్కినవన్నీ రాల్చేస్తుంది. కుకీలో తెలుగు పెట్టినవారికి ఖాళీ విలువ చేతికి వస్తుంది. ఎవరి ఆచారం వారిది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి, కొలత గురించి కూడా చెప్పుకోవాలి. మొదట్లో నేను సభ్యుడు చివరగా చూసిన పుస్తకాల పేర్లనే కుకీలో పెట్టాను. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు పడతాయి. కుకీలోకి వెళ్ళేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో 3 అక్షరాలుగా మారుతుంది. అంటే ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటకు లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు, కుకీలో 54 అక్షరాలు. బ్రౌజర్లు ఒక్కో కుకీకి ఇచ్చే చోటు సుమారు 4096 బైట్లు, అందులో పట్టేది 455 తెలుగు సంకేతాలు మాత్రమే. పాత కావ్యాల పేర్లు, వాటి వ్యాఖ్యానాల పేర్లు పది చేరేసరికి కుకీ నిండిపోయి బ్రౌజర్ దాన్ని నిరాకరించేది, అదీ చడీచప్పుడు లేకుండానే. ఇప్పుడు పేర్లకు బదులు పుస్తకాల క్రమసంఖ్యలు పెడుతున్నాను. అదే విలువను జావాస్క్రిప్టుతో చదివితే శాతం గుర్తుల వరుస యథాతథంగా వస్తుందని, దాన్ని మనమే విప్పుకోవాలని మరచిపోకూడదు. కుకీ పేరులో చుక్క పెట్టినా పీహెచ్‌పీ దాన్ని అడుగుగీతగా మార్చి చూపుతుంది, జావాస్క్రిప్టుకు మాత్రం చుక్కే కనిపిస్తుంది.

కుకీని రాయడంలో వచ్చే చిక్కులు చదవడంలో వచ్చేవాటికంటే తక్కువే, ఎక్కువగా తెలిసినవే కూడా. పేజీ నుంచి ఒక్క అక్షరం బయటికి పోకముందే సెట్‌కుకీ ఫంక్షన్‌ను పిలవాలి. థీమ్ టెంప్లేట్‌లో పిలిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది, వర్డ్‌ప్రెస్ మొదలయ్యే దశలో మన కోడును పిలిచే ఇనిట్ హుక్‌లో పెట్టుకోవాలి. రాసిన కుకీ అదే రిక్వెస్టులో చదివితే కనిపించదు, తరువాతి రిక్వెస్టులోనే వస్తుంది. ఇక్కడ మనవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. తెలుగు మాటలున్న థీమ్ ఫైలును పాత విండోస్ నోట్‌ప్యాడ్‌లో దిద్ది యూటీఎఫ్-8గా దాచితే ఫైలు మొదట్లో కంటికి కనిపించని 3 బైట్ల బామ్ గుర్తు చేరుతుంది, పీహెచ్‌పీ దృష్టిలో అది అప్పటికే బయటికి పోయిన రాత. సొంత కంప్యూటర్‌లో అవుట్‌పుట్ బఫరింగ్ ఆన్‌లో ఉంటే ఈ లోపం దాగిపోతుంది, సర్వర్ మీదికి ఎక్కించాకే బయటపడుతుంది. ఈ విషయంలో వర్డ్‌ప్రెస్‌ను మెచ్చుకోవాలి: లాగిన్ పేజీలో అది ఒక పరీక్ష కుకీని పెట్టి చూసుకుంటుంది, విఫలమైతే బ్రౌజర్ కుకీలను అడ్డుకుంటోందా, లేక అనుకోని రాత ముందే బయటికి పోవడం వల్ల కుకీ ఆగిందా అన్న తేడాను రెండు వేర్వేరు సందేశాలతో చెబుతుంది. గీతల విషయంలోనూ ఇంత శ్రద్ధ చూపి ఉంటే ఎంత బాగుండేదో.

రెస్ట్ ఏపీఐతో (ప్రోగ్రాములు సైటుతో మాట్లాడే మార్గంతో) పని పడినవారికి ఇంకో మౌనం ఎదురవుతుంది. సభ్యుడు లాగిన్ అయి ఉన్నాడు, బ్రౌజర్ కుకీని పంపుతోంది, నెట్‌వర్క్ ట్యాబ్‌లో అది కనబడుతూనే ఉంది. అయినా ఏపీఐ అతణ్ణి అనామకుడిగానే లెక్కిస్తుంది. కుకీతో పాటు నాన్స్ అనే సంకేతాన్ని హెడర్‌లో పంపకపోతే వర్డ్‌ప్రెస్ కావాలనే ఆ సభ్యుణ్ణి పక్కన పెడుతుంది. వేరే సైటులోని పేజీ మన సభ్యుడి బ్రౌజర్ చేత దొంగ రిక్వెస్టులు పంపించకుండా ఇది కాచుకుంటుంది కాబట్టి ఏర్పాటు సబబైనదే. తప్పుడు నాన్స్ పంపితే 403 సంకేతంతో స్పష్టమైన తిరస్కారం వస్తుంది. అసలు పంపకపోతే మాత్రం ఏమీ అనకుండా అనామకుడి జవాబు ఇస్తుంది. ఏపీఐ చిరునామాను సరిచూసుకుంటూ, కుకీ హద్దులు వెతుక్కుంటూ గంటలు గడిచేది ఈ రెండో సందర్భంలోనే. పేరుకు ఒక్కసారి వాడే సంఖ్య అని అర్థం వచ్చే ఈ నాన్స్‌ను వర్డ్‌ప్రెస్‌లో గడువు లోపల ఎన్నిసార్లయినా వాడవచ్చు. గరిష్ఠంగా ఒక రోజు చెల్లుతుంది.

పైవన్నీ సరిచేసుకున్నాక కూడా మిగిలిన సమస్య వర్డ్‌ప్రెస్‌ది కాదు, దాని ముందు నిలబడ్డ క్యాషింగ్‌ది, అంటే తయారైన పేజీ నకలును దాచి మళ్ళీ ఇచ్చే ఏర్పాటుది. మా హోస్టింగ్ సంస్థ పేజీలను వార్నిష్ అనే క్యాషింగ్ ప్రోగ్రాము ద్వారా అందిస్తుంది. వార్నిష్ సహజంగా కుకీ ఉన్న రిక్వెస్టును క్యాషింగ్ చేయకుండా సర్వర్‌కే పంపుతుంది. అలా ఐతే క్యాషింగ్ వల్ల లాభం ఉండదని హోస్టింగ్ వారు తమకు తెలిసిన లాగిన్ కుకీలను తప్ప మిగిలినవాటిని దారిలోనే తీసేసేలా అమర్చుకున్నారు. పెద్దవయసు పాఠకుల కోసం మేము పెట్టిన అక్షరాల పరిమాణపు కుకీ ఆ కోతకు గురైంది. లాగిన్ అయిన నాకు పెద్ద అక్షరాలు వచ్చేవి, లాగిన్ లేకుండా చదివే పెద్దాయన ఫోన్‌లో ఎన్నిసార్లు ఎంచుకున్నా చిన్నవే వచ్చేవి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ నా దగ్గర బాగానే ఉందని జవాబిచ్చినందుకు ఇప్పటికీ మనసులో కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. రెస్పాన్స్‌లో ఏజ్ అనే హెడర్ సున్నా కంటే పెద్ద సంఖ్యతో కనిపిస్తే ఆ పేజీ క్యాష్ నుంచి వచ్చిందని, పీహెచ్‌పీ అసలు నడవలేదని అర్థం. దాన్ని చూసుకోవాలన్న ఆలోచన నాకు నెల తరువాత గానీ రాలేదు. ఇప్పుడు లాగిన్ లేని బ్రౌజర్ కిటికీని పక్కన తెరిచి ఉంచుకోకుండా ఏ మార్పునూ పరీక్షించను.

హోస్టింగ్ వారిని అడిగితే ఒక్క సైటు కోసం నియమాలు మార్చలేమన్నారు. అందుకని అక్షరాల పరిమాణాన్ని పీహెచ్‌పీతో నిర్ణయించడం మానేసి, పేజీ వచ్చాక జావాస్క్రిప్టు కుకీని చదివి అక్షరాలను పెంచేలా మార్చాను. అది వెంటనే పనిచేసింది, ఐఫోన్ వాడే కొందరికి తప్ప. 2019 నుంచి సఫారీ, జావాస్క్రిప్టు రాసిన కుకీలకు ఎంత గడువు అడిగినా 7 రోజులకు మించి ఇవ్వదు. నెలకొకసారి వచ్చే పాఠకుడికి ప్రతిసారీ చిన్న అక్షరాలే స్వాగతం పలుకుతాయి. సర్వర్ పంపిన కుకీకి సాధారణంగా ఆ ఏడు రోజుల గీటు వర్తించదు. కనుక పాఠకుడు పరిమాణాన్ని ఎంచుకున్నప్పుడు జావాస్క్రిప్టు రిక్వెస్టులకు జవాబిచ్చే అడ్మిన్ ఏజాక్స్ ఫైలుకు ఒక చిన్న రిక్వెస్టు వెళ్ళి, కుకీని పీహెచ్‌పీయే రాసి పంపేలా, లాగిన్ లేనివారికీ అది అనుమతించేలా నోప్రివ్ హుక్‌తో అమర్చాను. ఆ చిరునామాకు పోయే రిక్వెస్టులను మా హోస్టింగ్‌లో క్యాష్ పట్టించుకోదు. ఈ కుకీకి మాత్రం హెచ్‌టీటీపీ ఓన్లీ గుర్తు పెట్టలేదు, పేజీలోని జావాస్క్రిప్టు దాన్ని చదవాలి కదా. ఐదు నక్షత్రాలకు నేను వర్డ్‌ప్రెస్ కుకీ వ్యవస్థకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి వెనక్కి వాలిన గీతలది, అర ఏమో నాన్స్ లేనప్పటి ఆ మౌనానిది. పెద్దాయన ఫోన్‌లో ఇప్పుడు అక్షరాలు పెద్దవిగానే వస్తున్నాయి, లాగిన్ అయినప్పుడు రిజర్వేషన్ పేజీలో ఆయన పేరు కూడా సరిగానే కనిపిస్తోంది.